బ్యాటరీ లేని సెట్టు

ఎనభైల మొదట్లో, జూన్ నెల మధ్యాహ్నం రెండింటికి విశాఖలో దిగాం. పోర్టు పక్క కొండ మీద మా పోస్టు. ఎనిమిది మంది, రెండు గుడారాలు, ఒక మెషిన్ గన్, ఒక వైర్‌లెస్ సెట్టు. కింద ఓడలు. దూరంగా, కడుతున్న స్టీల్ ప్లాంటు క్రేన్లు. నాకు నాయక్‌గా కొత్త పదోన్నతి. నా హుషారుకి పట్టపగ్గాల్లేవు.

మా ఆపరేటర్ ఈ తీరం వాడే, జాలరి బిడ్డ. నన్ను చనువుగా బావా అనేవాడు. సెట్టు ముందు కూర్చుంటే వాడికి సాటి లేరు. మూడో వారంలో స్నానం మానేశాడు. వంటవాడు అన్నంలో ఏదో కలుపుతున్నాడని తిండీ మానేశాడు. తనలో తనే గొణుక్కునేవాడు.

"పెళ్లి కుదిరింది కదా, ఆ ధ్యాసే" అని హవల్దార్ నవ్వాడు. నేనూ నవ్వాను.

ఒక ఉదయం పది నలభైకి సెట్టు దగ్గర నుంచి కేక.

"మూడు బోట్లు. కాల్సమని ఆర్డరు."

నిజం చెబుతున్నాను, నాకు కలిగింది భయం కాదు, సంబరం. అందరం పరుగున స్థానాల్లోకి చేరాం. గన్ను తిరిగింది. బెల్టు ఎక్కింది. బైనాక్యులర్స్‌లో మూడు తెరచాపలు. ఆర్డరు ఖాయం చేసుకుందామని సెట్టు దగ్గరికి ఉరికాను.

వాడు చెమటలు కక్కుతూ మౌత్‌పీస్‌లో బతిమాలుతున్నాడు.

"ఆల్లు మా ఊరోల్లు సార్. నానొద్దంటన్నాను. ఓవర్."

ఆగి, విని, మళ్లీ "ఓవర్" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ సెట్టు బ్యాటరీని పొద్దున చార్జింగుకి పంపింది నేనే.

ఓవర్ అంటే నా మాట అయింది, ఇక నువ్వు చెప్పు అని. మాట ముగించాలంటే ఔట్ అనాలి.

"ఔట్ చెప్పరా" అన్నాను.

"సెట్టులో ఆల్లు నన్నొగ్గట్లేదు బావా."

స్కిజోఫ్రీనియా అన్నారు ఆస్పత్రిలో. అది జబ్బేననీ, మందులున్నాయనీ చెప్పారు. ఉద్యోగం పోయింది. పెళ్లి చెడింది. ఊళ్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. పిచ్చోడితో సంద్రంలోకి ఎవుడెల్తాడని పడవ ఎక్కనివ్వలేదు. వాళ్లను కాపాడాలని వాడెంత కొట్లాడాడో వాళ్లకేం తెలుసు? విని నాకు ఒళ్లు మండింది.

ఏడాది తర్వాత, పోస్టు ఎత్తేసి తిరిగి వెళ్లే ముందు రోజు, ఉదయం ఆరింటికి వాళ్ల ఒడ్డుకి వెళ్లాను. ఒక పడవ వస్తోంది. ముందు నిలబడి తాడు విసురుతున్నది వాడే. ఎవరేమన్నా లెక్కచేయక వాళ్లన్న ఎక్కించుకున్నాడట, మాత్రలూ తప్పకుండా మింగిస్తున్నాడట. నన్ను చూసి నీళ్లలోకి దూకి పరుగెత్తుకొచ్చాడు. నాకు ఆనందం పట్టలేదు.

"సెట్టులో వాళ్లు ఇంకా మాట్లాడుతున్నారా?"

"అప్పుడప్పుడు మాటాడతన్నారు బావా. నాను బదులియ్యట్లేదు."

చేతిని చెవి దాకా ఎత్తి, మౌత్‌పీస్ పెట్టేసినట్టు దించాడు. "ఔట్" అన్నాడు.

యుద్ధం చూశావా అని మా ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. చూశానంటాను. అప్పుడు నా కళ్ల ముందుకొచ్చేది, ఉప్పునీళ్లు కారుతూ కిందికి దిగుతున్న ఆ చెయ్యి.