ఎర్రదారం సీటు

మా అత్తగారిని వీధిలో అందరూ విమానాలమ్మ అంటారు. ఆవిడ విమానం నడిపిందీ లేదు, మొన్నమొన్నటి దాకా ఎక్కిందీ లేదు. విమానాల కంపెనీ కుట్టుపని షెడ్డులో కూర్చుని సీట్లకు కవర్లు కుట్టింది, అంతే. పెళ్ళికి ముందు చేరి, జుట్టు తెల్లబడ్డాక బయటికొచ్చింది. ఈలోగా కంపెనీ పెరిగింది, చితికింది, ఇంకో కంపెనీని కలుపుకుంది, పేరు మార్చుకుంది, మళ్ళీ పాత పేరే పెట్టుకుంది. ఆ చరిత్ర ఎవరైనా పుస్తకంగా రాశారో లేదో నాకు తెలియదు గానీ, మా ఇంట్లో మాత్రం గుడ్డముక్కలుగా పడి ఉంది.

గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా నీలం చారలది. కంపెనీకి పంకాలు తిరిగే చిన్న విమానాలు తప్ప ఇంకేమీ లేని రోజులనాటిది. దిండు గలీబులు ముదురాకుపచ్చవి, సముద్రాలు దాటే పెద్ద విమానాలు కొన్నప్పటివి. కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ సగం ఆకుపచ్చ, సగం ఇటుకరంగు. రెండు కంపెనీలు కలిసినప్పుడు ఎవరి రంగు ఉంచాలో పెద్దవాళ్ళు తేల్చుకోలేక కొన్నాళ్ళు అలాగే కుట్టించారట. "చూసినవాళ్ళకి కళ్ళు తిరిగుంటాయే అమ్మాయ్. విమానం కుదుపనుకుని సరిపెట్టుకుని ఉంటారు," అంటుంది. ఆఖరికి వంటింట్లో మసిగుడ్డ కూడా విమానం గుడ్డే. నిప్పంటుకోని రకం. కాపురానికొచ్చిన కొత్తలో నేను దాన్ని చెత్తబుట్టలో వెయ్యబోతే నా మీద ఇంతెత్తున లేచింది. అంత మంచి గుడ్డ అని నాకేం తెలుసు?

విమానం దిగగానే, అంటుకునే పట్టీలతో బిగించిన మాసిన కవర్లన్నీ చర్రున ఊడబీకి సంచుల్లో కుక్కి షెడ్డుకు పంపేవారట. మళ్ళీ ఎగిరేలోపు ఉతికిన జత తొడగాలి. చిరిగినవి, కొత్తగా కుట్టాల్సినవి మా అత్తగారి వాళ్ళ బల్లల మీదికి వచ్చేవి. కుట్టేవాళ్ళలో ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం. సీటు ముందంచు కింద, మడత లోపల, ఆ దారంతో చిన్న గుర్తు వెయ్యాలి. ఎక్కడైనా కుట్టు వదిలితే ఎవరిని తిట్టాలో పైవాళ్ళకు తెలియాలి కదా. మా అత్తగారిది ఎర్రదారం.

ఇంతా చేసి ఆవిడకు ఒకటే బెంగ. అన్ని సీట్లు కుట్టింది గానీ, ఒక్కదాంట్లోనూ మనిషి కూర్చోగా చూడలేదు. షెడ్డులో కనబడేవన్నీ ఖాళీ సీట్లే. ఒక్కసారి తను కుట్టిన సీట్లో తను కూర్చుని వెళ్ళాలని ఆశ. "నలుగురికీ వండి పెట్టి, తినేటప్పుడు చూడకుండా వచ్చేసినట్టుందే," అనేది. మరి ఇన్నాళ్ళూ ఏం చేశావంటే, పిల్లల పరీక్షలనీ, ఎవరికో జ్వరమనీ, ఇంటికి సున్నాలనీ చెప్పేది.

అలా ఉండగా మా మావగారు ఒక కబురు మోసుకొచ్చారు. ఆయన అదే కంపెనీలో సామాన్లు ఎక్కించే పని చేసేవారు. కొత్త విమానాలన్నీ బయటి నుంచి తోలు సీట్లతో తయారై వస్తున్నాయట, షెడ్డు ఎలాగూ మూసేశారు. గుడ్డ సీట్లున్న విమానం ఒక్కటే మిగిలింది. నెలాఖరుకి దాన్నీ పక్కన పెట్టేస్తారట. మా అత్తగారు వింటూ వింటూ చేతిలో కూర తరగడం ఆపేసింది.

రిటైరైన వాళ్ళకు కంపెనీ టికెట్టిస్తుంది. కాకపోతే డబ్బు పెట్టి కొన్నవాళ్ళందరూ ఎక్కాక సీటు మిగిలితేనే మనం ఎక్కాలి, లేకపోతే మూట సర్దుకుని ఇంటికి. తోడు రమ్మంటే మావగారు ససేమిరా అన్నారు. "దాని పొట్టలో ఏమేం కుక్కుతారో నాకు తెలుసు. నేనెక్కను గాక ఎక్కను," అన్నారు. దాంతో నేను బయలుదేరాను.

మొదటిసారి సీటు మిగల్లేదు. పొద్దుటి నుంచీ కుర్చీలో బిగుసుకుని కూర్చుని, ఉసూరుమంటూ తిరిగొచ్చాం. నాకు ఒళ్ళు మండిపోయింది. కౌంటర్లో అబ్బాయిని నాలుగు దులిపేద్దామని లేస్తే అత్తగారు నా కొంగు పట్టుకుని లాగింది. "నోరు అదుపులో పెట్టుకో తల్లీ. మనది స్టాఫ్ టికెట్టు. ఒద్దికగా ఉండకపోతే ఎక్కినవాళ్ళని కూడా దింపేస్తారు." రెండోసారి వెళ్తే వెళ్ళేటప్పుడు సీట్లున్నాయన్నారు. తిరుగు ప్రయాణంలో మాత్రం ఈ నెలంతా ఖాళీ లేదు, రైల్లో రావాల్సిందే అన్నారు. రైలైతే రైలు, ఎక్కేశాం.

నాకంత ఒద్దిక నేర్పిన మనిషి, లోపలికి వెళ్ళగానే ఏం చేసిందనుకున్నారు? పర్సు పక్కన పడేసి, వంగి, తన సీటు కవరు ముందంచు పట్టుకుని చర్రుమని లాగేసింది! షెడ్డులో అలవాటైన చెయ్యి, ఆగుతుందా?

ఎయిర్‌హోస్టెస్ పిల్ల పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, ఏం చేస్తున్నారు?"

"గుర్తు చూస్తున్నానమ్మా. ఇది పచ్చదారం, నాది కాదు," అంటూ అత్తగారు పక్కసీటు వైపు తిరిగింది. అందులో కోటు వేసుకున్నాయన ఉన్నాడు. "బాబూ, కాస్త కాళ్ళు పక్కకి పెట్టు."

ఆ పిల్ల వెళ్ళి వాళ్ళ పెద్దావిడను పిలుచుకొచ్చింది. ఆవిడ మా టికెట్లు చూసి మొహం గంటు పెట్టుకుంది. "స్టాఫ్ టికెట్ మీద వచ్చి సీట్లు పీకుతున్నారా? మిమ్మల్ని దింపెయ్యాల్సి ఉంటుంది."

నా గుండె జారిపోయింది. దాంతోపాటు నోరు కూడా జారింది. "పీకడమేంటండీ? కుట్టిందే ఆవిడ! ఈ సీట్లన్నీ ఆవిడా, ఆవిడతోటి వాళ్ళూ కుట్టినవే. తన సీట్లో ఒక్కసారి కూర్చోవాలని వచ్చింది. దింపితే ఇద్దర్నీ దింపండి, చూస్తాను!" అని విమానమంతా వినబడేలా అరిచాను.

పెద్దావిడ గడియారం చూసుకుంది. "కింద ఇంకా సామాన్లు ఎక్కుతున్నాయిలే. ఏ రంగు దారమమ్మా మీది?" అంది.

"ఎర్రది తల్లీ."

కోటాయన అప్పటికే లేచి తన సీటు అంచు ఊడదీస్తున్నాడు. "ఇక్కడ పసుపండీ!" అన్నాడు. ఆ వెనకవాళ్ళు, వాళ్ళ వెనకవాళ్ళు మొదలుపెట్టారు. విమానమంతా చర్ చర్ మని ఒకటే మోత. "ఇక్కడ నీలం!" "ఇక్కడా పచ్చే!" మా అత్తగారు నడవలో నిలబడి పెత్తనం చేస్తోంది. "పసుపు మా పొట్టావిడది. నీలం ఆవిడ చెయ్యి కొంచెం వదులు, గట్టిగా లాగకండి." ఎర్రది మాత్రం ఎక్కడా లేదు. అందరూ చూశారు. ఆవిడ మొహం చిన్నబోతుంటే నాకు ఏడుపొచ్చింది.

"అమ్మా! ఇదిగో!" చివర్లోంచి ఎయిర్‌హోస్టెస్ పిల్ల చెయ్యి ఊపింది.

వెళ్ళి చూశాం. నిజమే, మడత లోపల ఎర్రటి కుట్టు. కానీ ఆ సీట్లో ఒక లావుపాటి మనిషి తల పక్కకి వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చొక్కా చేతులకు సిమెంటు మరకలు. ఇంత గోల జరిగినా ఆయనలో చలనం లేదు.

"లేపుతానుండండి," అని నేను ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయాను. అత్తగారు నా మణికట్టు పట్టుకుంది. అబ్బ, ఏం పట్టు!

"లేపావంటే ఊరుకోను."

"ఇందుకేగా అత్తయ్యా వచ్చింది! వచ్చేటప్పుడు రైలే గతి. నెలాఖరుకి ఈ విమానమే ఉండదు!"

"నిద్రపోతున్నాడే."

"అయితే?"

"నా సీట్లో నిద్రపోతున్నాడే అమ్మాయ్."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పెద్దావిడ ఎవరినో బతిమాలి, ఆయనకు అటుపక్క వరసలో మాకు చోటు ఇప్పించింది. విమానం లేచింది. కిటికీలోంచి మబ్బులు, నది, బొమ్మరిళ్ళలాంటి మేడలు కనబడుతుంటే "అత్తయ్యా, అటు చూడండి" అని నేను ఊదరగొట్టాను. ఆవిడ ఒక్కసారైనా అటు తిరగలేదు. ఆయన గురక వింటూ, ఆయన మెడ ఏ పక్కకి వాలుతుందో చూస్తూ కూర్చుంది. మధ్యలో ఆయన కదిలి ఇంకాస్త సర్దుకుని పడుకుంటే, "చూశావా, కుట్టు గుచ్చుకోవట్లేదు," అని నా చెవిలో చెప్పింది.

దిగాక ఆయన ఒళ్ళు విరుచుకుని, సంచి భుజాన వేసుకుని, ఏమీ తెలియకుండానే వెళ్ళిపోయాడు. అందరూ దిగిపోయారు. "ఇప్పుడు కూర్చోండమ్మా, మీ ఇష్టం వచ్చినంతసేపు," అంది పెద్దావిడ.

మా అత్తగారు కూర్చోలేదు. వంగి సీటు మీద అరచెయ్యి ఆనించింది. "నువ్వూ పెట్టి చూడవే," అంది.

పెట్టాను. వెచ్చగా ఉంది.