బాల్ లేపే రాజు

పినపాక అవతల, అడవి అంచున గుంపు అని పిలిచే చిన్న గూడెంలో రాజును అందరూ లిఫ్టర్ రాజు అనే పిలుస్తారు. వాలీబాల్‌లో నెట్టు పక్కన నిలబడి, షాట్ కొట్టేవాడికి అందేలా బాల్‌ను గాలిలోకి లేపేవాడు లిఫ్టర్. పాయింటు వచ్చినప్పుడు జనం చూసేది కొట్టినవాణ్ని, లేపినవాణ్ని కాదు. పొట్టివాడు కాబట్టి రాజుకు ఆ చోటు దక్కిందని ఊళ్ళో అనుకునేవాళ్ళు. అది నిజం కాదు. కుర్రతనంలో రెండూ ఆడి చూసి, వేళ్ళ మీదికి దిగిన బాల్ చప్పుడు లేకుండా మళ్ళీ పైకి లేచే ఆ క్షణమే తనకు కావాలని ఏరి కోరి లిఫ్టర్ అయ్యాడు.

పగలంతా పత్తి చేలోనో, మిర్చి కూలికో, ఎండాకాలమైతే తునికాకుకో పోయేవాడు. పొద్దు వాలితే మాత్రం గ్రౌండులో ఉండాల్సిందే. ఆ గ్రౌండు కూడా తుప్పలు కొట్టి, రాళ్ళేరి, పదిమందిని బతిమాలి అతను చదును చేయించిందే. తమ గుంపు టీము మండలం దాటి కొత్తగూడెంలో ఆడాలన్నది అతని కోరిక. పెళ్ళి మాటలకు పోయిన నాడు కూడా శ్యామలతో ఇదే చెప్పాడు. ఎవుసం, పంటల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదని ఆమె ఇప్పటికీ నవ్వుతుంది.

శ్యామల తమ్ముడు బొజ్జయ్య. తల్లి పోయాక అక్క దగ్గరే పెరిగాడు. అతని చేతికి మొదట బాల్ ఇచ్చింది రాజే. ఎట్లా పరిగెత్తాలో, ఎప్పుడు ఎగరాలో నేర్పిందీ రాజే. ఇరవై దాటేసరికి గడప దగ్గర తల వంచితే తప్ప ఇంట్లోకి రాలేనంత ఎదిగాడు. ఎగిరి కొట్టాడంటే అవతలివాళ్ళు చేతులు అడ్డం పెట్టడానికి జంకేవాళ్ళు. చుట్టుపక్కల టోర్నమెంట్లన్నీ గెలవడం మొదలైంది.

రాజు సంతోషించాలి. సంతోషించాడు కూడా, కొన్నాళ్ళు. తర్వాత ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు గానీ కడుపులో ఒక మంట రాజుకుంది. దసరాకు ఊళ్ళో కట్టిన ఫ్లెక్సీలో బొజ్జయ్య నిలువెత్తున ఉంటే, రాజు ముఖం సగం ఎవరి భుజం వెనకనో ఉంది. చాయ్ హోటల్ దగ్గర మనుషులు లేచి బొజ్జయ్యకు చోటిచ్చి, రాజును మ్యాచ్ ఎన్నింటికని అడిగేవాళ్ళు. శ్యామల తమ్ముడి పళ్ళెంలో కోడికాలు వేస్తే రాజుకు ముద్ద దిగేది కాదు. ఆమె ముందు నుంచీ అట్లాగే వేసేది, అతనే ఇప్పుడు చూడసాగాడు. పొద్దున బొజ్జయ్య గుర్రు పెట్టి నిద్రపోతుంటే ఆ పొడుగాటి చేతులకేసి చూస్తూ నిలబడేవాడు. తన ఇంట్లో తిని పెరిగినవాడి మీద కళ్ళలో నిప్పులు పోసుకుంటున్నానని తెలిసి సిగ్గుపడేవాడు. సిగ్గు వేసినా మంట చల్లారేది కాదు.

పినపాకలో మండల స్థాయి టోర్నమెంట్ పెట్టారు. గెలిచిన టీము కొత్తగూడెం పోతుంది. ఫైనల్ నాడు మైకు పట్టుకున్నాయన టీముల పేర్లు చదువుతూ, వీళ్ళ గుంపు పేరు బదులు "బొజ్జయ్య టీమ్" అన్నాడు. జనం ఈలలు వేశారు. కొత్తగూడెం నుంచి ఒక క్లబ్బు కోచ్ బొజ్జయ్యను చూడటానికే వచ్చాడని పక్కవాడు రాజు చెవిలో చెప్పాడు.

మొదటి సెట్టు గెలిచారు. రెండో సెట్టులో రాజు లేపిన బాల్ జానెడు తక్కువ ఎత్తు లేచింది. బొజ్జయ్య అప్పటికే గాలిలో ఉన్నాడు. షాట్ నెట్టుకు తగిలింది. మొదటిది పొరపాటే కావచ్చు, రాజుకే తెలియదు. ఆ తర్వాతివి మాత్రం పొరపాట్లు కావు. ఒకటి కిందికి, ఒకటి నెట్టుకు మరీ దగ్గరగా, ఒకటి ఆలస్యంగా. బయటివాళ్ళకు అదంతా బొజ్జయ్య తప్పులాగే కనిపించింది. మైకులో ఆయన కూడా అదే అన్నాడు. ఆ సెట్టు పోయింది, మూడోదీ పోయింది, మ్యాచూ పోయింది. కోచ్ బండెక్కి వెళ్ళిపోయాడు.

టీమంతా చెట్టు కింద కూలబడి ఉండగా బొజ్జయ్య దగ్గరికి వచ్చి, "బావా, చెయ్యి నొచ్చిందా?" అని అడిగాడు.

రాజు అవ్ అన్నాడు. బొజ్జయ్య ఎవరి దగ్గరో బామ్ అడిగి తెచ్చి, అతని మణికట్టుకు రాశాడు. ఆ వేళ్ళు తగులుతుంటే రాజు తల ఎత్తలేకపోయాడు.

మ్యాచ్ చూడటానికి శ్యామల కూడా వచ్చింది. ఇంటికొచ్చాక నీళ్ళ చెంబు అందిస్తూ, "నీ చేతికేం కాలే," అంది.

రాజుకు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు లేపింది తానని, గ్రౌండు చేసింది తానని, ఆఖరికి టీముకు కూడా వాడి పేరే పెట్టారని గొంతు చించుకున్నాడు.

"పేరే కావాల్నంటే ఆనాడే షాట్లు కొట్టకపోయినవా?" అంది చివరికి. "బాల్ లేపుడే నాకిష్టమని నువ్వే అంటివి. మా తమ్ముడు అనలే."

రెండ్రోజులు ఆమె మాటే రాజు చెవిలో మోగింది. నిజంగా పేరే కావాలా అని తనను తానే అడుక్కున్నాడు. కావాలి, అదీ నిజమే. అయితే ఆ పేరు కోసం చేతిలోకి వచ్చిన మంచి బాల్‌ను పాడు చేసినందుకు, మ్యాచ్ పోయినందుకన్నా ఎక్కువ బాధగా ఉంది. మూడోనాడు పత్తి ఏరుతున్న బొజ్జయ్య దగ్గరికి పోయి, పక్క సాలు పట్టి కాసేపు ఏరి, అప్పుడు చెప్పాడు.

"చెయ్యి నొయ్యలేదురా. కావాల్నని లేపిన గట్ల."

"తెలుసు బావా," అన్నాడు బొజ్జయ్య. "నీ బాల్ నాకు కండ్లు మూసుకున్నా తెలుస్తది."

"మరి చెయ్యి నొచ్చిందా అని ఎందుకడిగినవ్?"

"ఆడ అందరుండిరి గద."

అంతే అన్నాడు. క్షమించానని అనలేదు. చాలా రోజులు గ్రౌండుకు రాలేదు. అన్నం అక్క దగ్గరే తినేవాడు గానీ రాజు వచ్చేలోపే లేచిపోయేవాడు. ఒకనాటి సాయంత్రం ఏమీ జరగనట్టు బూట్లు వేసుకుని వచ్చి తన చోట నిలబడ్డాడు. రాజు బాల్ లేపాడు. అతను కొట్టాడు.

సంక్రాంతి దాటాక ములకలపల్లిలో ఇంకో టోర్నమెంట్ జరిగింది, ఇందులో గెలిచినా కొత్తగూడెం పోవచ్చు. అక్కడా మైకులో బొజ్జయ్య పేరే మోగింది. ఆ క్లబ్బు కోచ్ కూడా మళ్ళీ వచ్చాడు. రాజు కడుపులో మంట ఎక్కడికీ పోలేదు, అట్లాగే ఉంది. దాన్ని అక్కడే ఉండనిచ్చి, చేతులు మాత్రం పైకెత్తి పెట్టాడు. ఆ రోజు లేపినట్టు అతను జన్మలో ఎప్పుడూ లేపలేదని టీములోవాళ్ళు అంటారు. గెలిచారు. కొత్తగూడెం పోయి పెద్ద గ్రౌండులో, లైట్ల కింద ఆడి, మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయి తిరిగొచ్చారు. కోరిక సగమే తీరినట్టున్నా, రాజుకు అది చాలు అనిపించింది.

బొజ్జయ్యను క్లబ్బువాళ్ళు తీసుకున్నారు. అతన్ని బస్సెక్కించడానికి రాజే పోయి, బ్యాగు పైన పెట్టి, కిటికీ దగ్గర నిలబడి మోకాళ్ళు జాగ్రత్త అని చెప్పి వచ్చాడు.

వారం తర్వాత బొజ్జయ్య ఫోన్ చేశాడు. తిండి, రూము, ప్రాక్టీసు అన్నీ చెప్పాడు. రాజు అన్నీ విని, ఆఖరికి అడగాలనుకున్నది అడిగాడు.

"ఆడ మీ లిఫ్టర్ ఎట్ల లేపుతుండు?"

"బాగనే లేపుతుండు బావా."

ఆ ముఖమెరుగని లిఫ్టర్ మీద రాజుకు కడుపు భగ్గుమంది. మంచిదేలే అన్నాడు. ఫోన్ శ్యామలకు ఇచ్చి, పొద్దు వాలుతుండటంతో నెట్టు భుజాన వేసుకుని గ్రౌండుకు బయల్దేరాడు.