బాపు చేసిన ముగింపు ప్రార్థన

పోయిన శుక్రవారం జల్‌పల్లిలో మా కాలనీ ప్రార్థన కూటం అయ్యాక నా చేతిలో ఒక చిన్న ఇత్తడి గంట పెట్టారు. కొందరు ప్రార్థన మొదలుపెడితే ఆపడం లేదనీ, పనుల నుంచి అలసి వచ్చినవాళ్లు మూసిన కళ్లు మూసినట్టే నిద్రలోకి జారుకుంటున్నారనీ, అందుకని ఎవరి ప్రార్థనైనా రెండు నిమిషాలు దాటితే మెల్లగా గంట కొట్టాలనీ సంఘంలో కొత్తగా తీర్మానం చేశారు. "లెక్కల మనిషి మీరే కదా అంకుల్, మీ చేతుల ఉంటే ఎవ్వరూ లొల్లి చెయ్యరు" అన్నాడు కార్యదర్శి కుర్రాడు. అతని మాట అబద్ధం కాదు. కట్టబోయే గదిని అడుగులతో కొలిచి ఎన్ని ఇటుకలు పడతాయో, స్లాబుకు ఎన్ని బస్తాల సిమెంటు కావాలో కాగితం ముట్టకుండా చెప్పడం నేను మేస్త్రీల వెంట తిరిగి సొంతంగా నేర్చుకున్న విద్య, ఏ కాలేజీ ఇచ్చింది కాదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకెప్పుడూ మొహమాటం లేదు. కానీ ఇంకొకరి ప్రార్థనను కొలవడం అనేసరికి, ఇంటికి వచ్చి గంటను అల్మారాలో పెడుతుండగా, మా పెద్దనాయన గుర్తుకొచ్చాడు. ఆయన వెనకే మా నాన్న, మేం బాపు అనేవాళ్లం.

మేమప్పుడు శాలిబండలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. చుట్టుపక్కల ఉన్న కొద్ది తెలుగు క్రైస్తవ కుటుంబాలం శుక్రవారం సాయంత్రాలు వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో కూడేవాళ్లం. వంతు మాదైన రోజు అమ్మ గది కడిగి చాపలు పరిచేది, పెద్దవాళ్ల కోసం పక్కింటి చాచా తన కుర్చీలు తనే మోసుకొచ్చి వేసి వెళ్లేవాడు, ప్రార్థన అయ్యాక అందరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఆ కూటాలకు ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది: ఎంత గొప్పవాళ్లు వచ్చినా సరే, ముగింపు ప్రార్థన ఆ ఇంటి యజమానే చెయ్యాలి. అది అతని హక్కు, మర్యాద కూడా.

అంతకు ముందు చేసే పెద్ద ప్రార్థన మాత్రం ఎవరింట్లోనైనా మా పెద్దనాయనదే. బాపుకు సొంత అన్న, సర్కారు ఆఫీసులో గుమస్తా, ఒక్క ఆదివారం కూడా ఆరాధన తప్పని మనిషి. మామూలుగా మాలాగే మాట్లాడేవాడు గానీ ప్రార్థనకు లేచి నిలబడితే భాష మొత్తం గ్రాంథికంలోకి మారిపోయేది. ఆయన మొదలుపెట్టగానే నేను ఓరగా దోమల కాయిల్ వంక చూసేవాణ్ణి. ఆయన ఆమెన్ అనేసరికి అది ఒక చుట్టు కాలి బూడిదయ్యేది. ఆ చుట్టులోనే వాడకట్టు అంతా వచ్చేది. ఎవరికి జ్వరమో, ఎవరి బిడ్డకు పరీక్షలో, ఎవరికి కాన్పు దగ్గరపడిందో అన్నీ పేరుపేరునా దేవునికి విన్నవించేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఎవరు చందా ఎగ్గొట్టారో, ఎవరు సినిమాకు పోయారో కూడా ఆ విన్నపంలోనే కలిసేవి. ఎదురింటి అత్త మా అమ్మతో అనేది, "మా ఇంట్ల ముచ్చట దేవునికన్నా ముందు మీ బావకే ఎరుక గద వదినా!"

బాపు కంచన్‌బాగ్ వైపు ఒక లోహాల ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆదివారమని కొలిమి ఆరదు, షిఫ్టు పడితే పోవాల్సిందే. సైకిల్ బయటికి తీసేముందు గడప దగ్గర తల వంచుకుని ఒక్క క్షణం నిలబడేవాడు. అది ప్రార్థన అని మాలో ఎవరం అనుకోలేదు, ఆయనా చెప్పుకోలేదు.

ఒక ఏడు ఈస్టర్ నాడే బాపుకు షిఫ్టు పడింది. ఆ తర్వాతి శుక్రవారం వంతు మా ఇంటిది. కిక్కిరిసిన గదిలో పెద్దనాయన లేచి, జ్వరాలూ పరీక్షలూ అయ్యాక గొంతు కొంచెం పెంచి, "ప్రభువా, ఈ గృహ యజమానుడు నీ పునరుత్థాన దినమున సైతము ఇనుమును కరిగించుచుండెను, కరగని అతని హృదయమును నీవే కరిగించుము" అన్నాడు. అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి. ఆ చీకట్లో బాపు గొంతు వినిపించింది. "అన్నా, ఇనుము కరగాల్నంటే మంట మీద పెడ్తరు, మంది ముంగట పెట్టరు." అని, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ముగింపు ప్రార్థన లేకుండానే ఆ రోజు చాయ్ పోసింది అమ్మ.

ఆ తర్వాత అన్నదమ్ములకు మాటల్లేవు. బాపు కూటాలకు రావడం మానేశాడు. మన ఇంటి వంతు మళ్లీ వస్తే ఎట్లా అని అమ్మ అడిగితే, "నన్ను నోరు తెరవమనకు. తెరిస్తే ఆయన ముచ్చట్లు నాకూ మస్తు ఎరుక" అన్నాడు. అమ్మకు అన్నం సయించలేదు. నగరంలో మాకున్న రక్తసంబంధం ఆ ఒక్క ఇల్లే. అది తెగిపోతుందేమోనని ఆమె భయం.

ఇంతలో పెద్దనాయన కొడుకు, నాకంటే పెద్దవాడు, ఎన్నాళ్లుగానో ఖాళీగా ఉన్నవాడు, బాపు ఫ్యాక్టరీలోనే పనికి కుదిరాడు. బాపే మాట సాయం చేశాడని మాకు తర్వాతగానీ తెలియలేదు. చేరిన వారమే అతనికి ఆదివారం షిఫ్టు పడింది. ఇక చూడాలి వాడకట్టులో గుసగుసలు. ఇప్పుడు ఎవరి హృదయం కరిగించమని అడుగుతాడో అని నవ్వుకున్నవాళ్లే అందరూ. పెద్దనాయన శుక్రవారాలు ఇల్లు కదలడం మానేశాడు.

వానాకాలంలో వంతు తిరిగి మా ఇంటికి వచ్చింది. అమ్మ స్వయంగా వాళ్లింటికి వెళ్లి, "బావా, మీరు రాకుంటే నేను చాపలు పరువ" అని వాకిట్లోనే కూర్చుంది. ఆయన వచ్చాడు. కానీ చాచా వేసిన కుర్చీలో కూర్చోలేదు. తలుపు పక్కన, విడిచిన చెప్పుల దగ్గర గోడకు ఆనుకున్నాడు. పెద్ద ప్రార్థన చెయ్యమంటే తల అడ్డంగా ఊపాడు. అమ్మ మొహం చూసి బాపూ వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు ఆ రోజు, ఎందుకొచ్చారో నాకు తెలుసు. ముగింపు ప్రార్థన బాపుది, అన్న దొరికిపోయి ఎదురుగా ఉన్నాడు.

బాపు లేచి నిలబడ్డాడు. అమ్మ వేళ్లు నా మోచేతిని గట్టిగా పట్టుకున్నాయి.

"ప్రభువా, మా అన్న వచ్చిండు, నీకు వందనాలు. ఎప్పుడూ మా అందరి పేర్లు ఆయనే నీకు చెప్పేటోడు. ఇయ్యాల ఆయన పేరు నేను చెప్తున్న. నాకు మాటలు రావు. ఇన్ని దినాలు కోపం పెట్టుకున్న, ముందుగాల నన్ను మాఫ్ చెయ్యి. ఆమెన్."

కాయిల్ మీది బూడిద రాలనైనా లేదు. కళ్లు తెరిచేసరికి పెద్దనాయన కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. వేడుక చూడవచ్చినవాళ్లు బిస్కెట్ల కోసం కూడా ఆగకుండా లేచారు. చాయ్ గ్లాసు అందుకుంటూ పెద్దనాయన, "తమ్మీ, రేపు పిలగాడు నీ తోటే వస్తడు గద, సైకిల్ జర మెల్లగ తొక్కమను" అన్నాడు. "ఫికర్ చెయ్యకన్నా, నా ఎన్కనే ఉంటడు" అన్నాడు బాపు. అంతే, వాళ్ల రాజీ.

ఆ ప్రార్థనను నేను వారం రోజులు గల్లీ అంతా చెప్పుకుని తిరిగాను. అది విని అమ్మ, "బాపు తగ్గితే నువ్వు ఉబ్బుతున్నవేందిరా?" అని వెక్కిరించింది. ఆమె అన్నది నిజమే. అయినా ఇన్నేళ్లకూ ఆ ఉబ్బు నాలో తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. వినడం కోసం వచ్చినవాళ్లతో నిండిన గదిలో, చేతికి అందిన మాటను అనకుండా వదిలేసిన మనిషి నా తండ్రి.

పెద్దనాయన ఆ తర్వాతా పెద్ద ప్రార్థనలు చేశాడు, పొడుగు పెద్దగా తగ్గలేదు. చందాలూ సినిమాలూ మాత్రం అందులోంచి వెళ్లిపోయాయి, జ్వరాలూ కాన్పులూ మిగిలాయి. ఇప్పుడు ఇద్దరూ లేరు, అమ్మా లేదు. మా కాలనీ ప్రార్థనలు చక్కగా ఉంటాయి, ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపరు. వేలెత్తి చూపాలన్నా పక్క ప్లాటులో ఎవరుంటున్నారో మాకు తెలియాలి కదా. ప్రపంచశాంతి కోసం అడుగుతాం, దేశం కోసం అడుగుతాం. వెనక గల్లీలో మంచాన పడ్డ ముసలాయన పేరేమిటో తెలియక ఆయన కోసం అడగం.

వచ్చే శుక్రవారం గంట తీసుకునే వెళ్తాను, ఒప్పుకున్న పని చెయ్యాలి. అయితే ఎవరైనా పక్కింటివాళ్ల జ్వరాన్ని పేరు పెట్టి దేవునికి చెబుతుంటే, నా చెయ్యి కాస్త ఆలస్యంగా లేస్తుంది. అంకుల్ లెక్క తప్పాడని అనుకుంటే అనుకోనీ.