బొబ్బలకు లేని మినహాయింపు

శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న ఒక సరుకుల గోదాము గేటు వద్ద కాపలా ఉండు బుచ్చయ్యకు, సంస్థవారు దయచేసిన తోలు బూట్లు మడమలను కొరికి పుండ్లు చేసినవి. తోటి కాపలాదారు శివ మాత్రం అయ్యప్ప మాల ధరించి, కోర్టుకెక్కి, వట్టి కాళ్లతో డ్యూటీ చేయుటకు తీర్పు తెచ్చుకొన్నాడు.

బుచ్చయ్య మేనేజరు జోగారావుగారిని ఆశ్రయించాడు.

“సారూ, నాకు గూడ జర బూట్లు మాఫ్ చెయ్యుండ్రి.”

“కోర్టువారు మినహాయింపు భక్తికి ఇచ్చారయ్యా, బొబ్బలకు కాదు.”

“గట్లయితే నా కాళ్లు నాయి గావా?”

“డ్యూటీలో ఉన్నంతసేపు సంస్థవి.”

మరునాడే బుచ్చయ్య మాల వేసుకొని, నల్లబట్టలతో, వట్టి కాళ్లతో గేటు వద్ద ప్రత్యక్షమయ్యాడు. జోగారావుగారు గతుక్కుమన్నా, ఆచారం తప్పని మనిషి గనుక “స్వామి శరణం” అంటూ వంగి, నిన్న తాము కాదన్న ఆ పుండ్ల కాళ్లకే నమస్కరించారు. బుచ్చయ్యకు ఏనుగెక్కినంత సంబరమయింది.

ఆ సంబరం సాయంత్రం వరకే నిలిచింది. ఇంటికి పోవు దారిలో కల్లు దుకాణం ఎదుట అతని కాళ్లు అలవాటుగా ఆగినవి. లోపలి మిత్రులు భక్తితో లేచి నిలబడ్డారు.

“స్వామీ, మీరు గిటు రావద్దు. మాకు పాపం తగుల్తది.”

తెల్లవారి, చన్నీళ్ల స్నానానికి వణుకుతూ అతడు జోగారావుగారి బల్ల వద్దకు వచ్చాడు.

“స్వామీ, కల్లుకు గూడ మినహాయింపు ఇయ్యమని కోర్టుల కేసెయ్యొచ్చా?”

“ఎవరి మీద స్వామీ?”

బుచ్చయ్య మెడలోని మాలను చూసుకొన్నాడు. “ఆయన మీదనే” అన్నాడు మెల్లగా.

“ఆయన దగ్గర అప్పీలు లేదు. మండల దీక్ష ముగియువరకు ఓపిక పట్టండి.”

బుచ్చయ్య తిరిగి గేటు వద్దకు నడిచాడు. మడమలు మానుతున్నవి, గొంతే ఎండుతున్నది.