తోంగ్‌పాల్ దిగుడు

సుక్మా రోడ్డు మీద జీపు నడిపే ఉమామహేష్‌కి మెడలో తువ్వాలు, చెవిలో ఫోను వార్తలు ఎప్పుడూ ఉంటాయి. రష్యా చమురు కొంటున్నామని అమెరికా మన సరుకు మీద సుంకం పెంచిందని విన్నప్పటి నుంచి, తోంగ్‌పాల్ దిగుడు రాగానే డీజిల్ మిగులుతుందని ఇంజన్ ఆపేస్తున్నాడు. "ఈ దిగుడు మీద ఎవడేస్తడు సుంకం?" అని మీసం దువ్వుకుంటాడు. బ్యాటరీ చచ్చి ఏడాదైంది. కింది మలుపులో, జోరు తగ్గకముందే గేరేసి క్లచ్ వదిలితే ఇంజన్ లేస్తుంది. మొన్న ఇప్పనూనె డబ్బాతో జీపులో సంతకు పోతున్న హుంగే అవ్వ సరిగ్గా ఆ మలుపులోనే అడిగింది: "మరి ఇప్పుడు చమురు ఎవరి దగ్గర కొంటరు బిడ్డా?"

"ఎవడు చౌకగా ఇస్తే వాడి దగ్గర! మనం ఎవరికీ తల వంచం అవ్వా!" అని అతను చేతులెత్తి చెప్పేలోగా జోరంతా పోయి జీపు కల్వర్టు మీద ఆగింది. అందరూ దిగి, నడుములు వంచి తోశారు. ఉమామహేష్ మాత్రం తల ఎత్తుకునే స్టీరింగ్ పట్టుకున్నాడు.

"ఎవడిదన్నా కొను బిడ్డా, తోసేది మాత్రం మేమే" అంది అవ్వ రొప్పుతూ.

ఇప్పుడు ఆ దిగుడు రాగానే, ఎవరూ చెప్పకుండానే, జీపులో వాళ్లంతా చెంగులూ లుంగీలూ పైకి దోపుకుంటున్నారు.