వేడి చూసే చెయ్యి

ఖరగ్‌పూర్‌లో బండి ఆగగానే రైల్వే ఫిట్టర్ తీతు వంగుకుంటూ వెళ్లి, ఒక్కో చక్రం దగ్గర ఇరుసు తిరిగే యాక్సిల్ బాక్సుకు కుడిచేతి వెనకవైపు ఆనించి చూస్తాడు. చురుక్కుమంటే ఎంతటి మెయిలు బండినైనా కదలనివ్వడు. ఇరవయ్యేళ్ల ఉద్యోగం అది. ఇంట్లో పాలగిన్నెకైనా, కూతురి నుదుటికైనా ఆ చేతి వెనకే ఆనిస్తాడు.

పూరీ గేట్ పేటలో తీతు పక్కింటి సూసన్న హిజ్లీ ఐఐటీ విద్యార్థుల థీసిస్‌లు టైపు చేసి బతుకుతుంది. తొంభై ఏడు వేసవిలో ఆమె కంప్యూటర్ నత్తలా నడుస్తోందంటే, తీతు పెట్టె విప్పి, లోపల ఒక చిన్న పిన్ను మార్చి, ప్రాసెసర్‌ను దాని తాహతుకు మించి పరిగెత్తించాడు. ఆ కిటుకును ఒక పత్రికలో చదివాడు. వేడెక్కి మాడిపోతుందన్న హెచ్చరికా చదివాడు.

"రాజధాని బండిలాగ పరిగెడతందన్నా!" అని సూసన్న మురిసిపోయింది.

పదో రోజున కమురు వాసన వచ్చి కంప్యూటర్ ఆరిపోయింది. తీతు వెళ్లేసరికి ఆమె కళ్లు తుడుచుకుంటోంది.

"నువ్వంత బాగా సేసిచ్చినావు. నేనే ఏదో తప్పు మీట నొక్కేసినానన్నా."

తీతు ఆ పదిరోజుల్లో ఒక్కసారైనా ఆనించని చెయ్యిని ఇప్పుడు పెట్టెకు ఆనించాడు.

"ఏటన్నా, వేడిగుందా?"

"లేదమ్మా, సల్లగుంది" అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు.