మెట్ల మీద పెంగ్విన్లు

ఆ రోజుల్లో కెనడాలో చదువులకని మన పిల్లలు ఎంతమంది దిగుతుండేవారంటే, సస్కటూన్ బస్సులో ఎవరైనా "ఒరేయ్" అంటే డ్రైవరు తప్ప అందరూ వెనక్కి తిరిగేవారు. (ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఏదైనా కాస్త ఊదుతాను. మా ఆవిడ నా మాటల్లో ముప్పావు వంతు తీసేసి, మిగిలిన పావునీ అనుమానిస్తుంది.)

ఆ గుంపులో నేనూ, నా రూమ్మేటు 'తథాస్తు మామ'. వాడిది భీమవరం వైపు. కీడు మాట నోటితో అనకూడదని, తథాస్తు దేవతలు వింటే అది జరిగి తీరుతుందని వాళ్ళ నాయనమ్మ నూరిపోసింది. అలాంటివాడికి నాతోపాటు పార్ట్‌టైమ్ దొరికింది ఎక్కడ? అపార్టుమెంట్లు కట్టే సైటులో! అక్కడ పొద్దున్నే పని మొదలయ్యేముందు, ఆ రోజు ఏ ప్రమాదం జరగొచ్చో ఒక్కొక్కరితో చెప్పించేవారు. తన వంతు రాగానే మామ "నథింగ్ విల్ హాపెన్ సర్" అనేవాడు. ఫోర్‌మన్ మొహం తడిసిన సిమెంటు బస్తాలా గట్టిపడేది.

వాడి ఉద్యోగం ఊడకుండా వాడి వంతూ నేనే అందుకునేవాణ్ణి. ఊరికే చెబితే నా గొప్పేముంది? క్రేను కొక్కేనికి ఫోర్‌మన్ బెల్టు తగులుకుని ఆయన పక్క రాష్ట్రం ఆల్బర్టాలో తేలతాడనేవాణ్ణి. కంచె దగ్గరికొచ్చిన దుప్పి నిచ్చెనెక్కుతుందనేవాణ్ణి. అందరూ పడీపడీ నవ్వేవారు. మామ మాత్రం "పొద్దున్నే ఏం మాటల్రా అవి!" అని చెవులు మూసుకునేవాడు.

చలి ముదిరిన ఒక ఉదయం వాడు నా చెవిలో గుసగుసలాడాడు. "ఒరేయ్, వెనక మెట్ల మీద పైపు కారి గడ్డకట్టేసిందిరా. పడతారని నా నోటితో అనలేను. నువ్వు చెప్పు."

చెప్పాను. "వెనక మెట్ల మీద ఐస్ ఎంతుందంటే, పెంగ్విన్లు కాపురం పెట్టేశాయి. నిన్ననే గృహప్రవేశం!" అన్నాను. ఫోర్‌మన్ కళ్ళు తుడుచుకుంటూ "గుడ్ వన్! నెక్స్ట్!" అన్నాడు. మెట్ల వైపు ఎవరూ కదల్లేదు.

మామ ఒక్కడే ఐస్ కరిగించే ఉప్పు బకెట్ అందుకున్నాడు. సైటు మొత్తానికి దిష్టి తీస్తున్నట్టు ఒక్కో మెట్టు మీదా ఉప్పు చల్లుకుంటూ ఎక్కాడు. పై మెట్టుకి ఉప్పు చేరేలోపే వాడి కాలు చేరింది.

చీలమండ విరిగింది. అంబులెన్సులో నేను చెయ్యి పట్టుకుంటే, "తథాస్తు దేవతలకి ఇంగ్లీషు కూడా వచ్చురా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. వాడికి ఆ సెమిస్టరు పోయింది. తర్వాత కుంటుకుంటూనే హామిల్టన్ వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు పండగలకి ఫోన్లు చేసుకున్నాం. తర్వాత పండగలకీ లేవు.

ఇప్పుడు నేను సైట్లలో సేఫ్టీ ఆఫీసర్ని. పొద్దున్నే "వెనక మెట్టు జారుతోంది, ఉప్పు చల్లేదాకా ఎవరూ ఎక్కొద్దు" అంటాను. అంతే, ఒక్క ముక్క ఎక్కువుండదు. 'ఈ అంకుల్‌కి హాస్యమంటే తెలీదు' అని మన కుర్రాళ్ళే గొణుక్కుంటారు.

ఇంతకీ ఇందులో కల్పించిందేదంటారా? దుప్పి నిజంగానే కంచెదాకా వచ్చింది. పెంగ్విన్ల మాటా నిజంగానే అన్నాను. కల్పించింది అంబులెన్సులో ఆ జోకూ, ఆ నవ్వూ. దారిపొడుగునా మామ నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే నాకెక్కడ తగులుతుందోనని.